నారింజ దాటిన ఇనుము

మా కొలిమిలో కాలే ఇనుముకి ఐదు రంగులుండేవి. వంకాయ, దానిమ్మ, నారింజ, నిమ్మపండు, మల్లెపువ్వు. పుస్తకాల్లో వీటికి డిగ్రీలు రాసి ఉంటాయట, మాకవి తెలియవు. వంకాయ రంగులో ఉండగా కొడితే సమ్మెట ఎగిరి మొహం మీదికొస్తుంది. దానిమ్మలో చిన్న చిన్న వంపులు తిప్పుకోవచ్చు. నారింజ వచ్చిందంటే కొక్కెమైనా గొలుసైనా ఏది కావాలంటే అది చెయ్యొచ్చు. నిమ్మపండు దాకా పోనిస్తే ఆ ఇనుము చెడినట్టే. పైకి బాగానే కనబడుతుంది, లోపల సత్తువ ఉండదు. మల్లెపువ్వు అయితే రవ్వలు చిమ్ముతుంది, ఇక దాన్ని తుక్కులో పారేసుకోవడమే.

వన్ టౌన్‌లో పోర్టు వైపు సందులో హసన్ సాయిబు గారి షాపులో నేను ఇరవై రెండేళ్ళు మేస్త్రిగా చేశాను. ఓడల సరుకు ఎత్తే కొక్కేలు, గొలుసు లింకులు మా దగ్గర తయారయ్యేవి. షాపులో ఒక కట్టుబాటు ఉంది. నిప్పులోకి చూసేది మేస్త్రి ఒక్కడే. పట్టకారు పట్టుకున్నవాడు నిప్పుని చూడకూడదు. చూస్తే కళ్ళు బైర్లు కమ్మి, ఇనుముని పెట్టి కొట్టే దాగలి ఎక్కడుందో కనబడదు, కాలిన ఇనుముతో తడుముకోవాల్సి వస్తుంది. అందుకని వాడు గోడ వైపు తిరిగి నిలబడతాడు. మేస్త్రి ఎడమ కన్ను మూసి, పిడికిలి సందులోంచి కుడి కంటితో చూసి, రంగు వచ్చినప్పుడు "తియ్!" అంటాడు. ఆ మాట వినబడేదాకా ఇనుము కదలకూడదు, వినబడ్డాక ఒక్క క్షణం ఆగకూడదు.

మా షాపులో పట్టకారు పట్టేది మా ఆవిడ ఆదెమ్మ తమ్ముడు అప్పలరాజు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. పని నేర్పింది నేనే.

ఇప్పుడు పంతొమ్మిది వందల ఎనభై ఆరు. నా రెండు కళ్ళకీ ఆపరేషన్లయ్యాయి, సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలతో ఇది రాస్తున్నాను. స్టీల్ ప్లాంటు పనుల్లో చేరిన మా వీధి వాళ్ళు వెల్డింగు దగ్గరా నిప్పు దగ్గరా ఉత్త కళ్ళతో నిలబడి పళ్ళికిలిస్తుంటే చూసి, వీళ్ళకి చెప్పాలనిపించింది. కానీ కళ్ళ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగం చెప్పినట్టవుతుంది. రెండో సగం చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను.

డెబ్భై తొమ్మిది వేసవిలో మొదలైంది. సాయంత్రాలు లారీ దీపాలు ఒక్కొక్కటి నాలుగైదుగా కనబడేవి. ఎండలో దుమ్ము రేగినట్టు ఉండేది. నలభై ఏడేళ్ళు వచ్చాయి కదా, మామూలే అనుకున్నాను. రంగుల సంగతి నాకు తెలియనే తెలియదు. రంగు పోవడం చూపు పోవడంలా కాదు. చూపు తగ్గితే తగ్గిందని తెలుస్తుంది. రంగు రోజుకి ఇసుమంత పోతే, నిన్నటి రంగు ఇవాళ గుర్తుండదు. లోకమే అలా ఉందనుకుంటాం.

ఒకరోజు పంచె కట్టుకోబోతూ ఆదెమ్మ మీద ఎగిరాను. "ఏటే ఇది? పసుపు నీళ్ళలో పిండినావా? నీలిమందు పెట్టనేదా?"

"పెట్టినాను మావా. మల్లెపువ్వులాగున్నాది కదా," అంది.

"నీ మొహం. ముసిలోడి పన్నులాగున్నాది."

మర్నాడు ఇంకాస్త నీలిమందు పెట్టింది. నాకు నచ్చలేదు. ఇంకాస్త పెట్టింది. ఇలా నెలల తరబడి సాగింది. ఆఖరికి నాకు తెల్లగా కనబడిన రోజున ఆ పంచె కట్టుకుని షాపుకెళితే, సందు మొదట్లో టీ కొట్టు దగ్గర జనం ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. "మేస్త్రి గారు ఆకాశం సుట్టుకొచ్చినారు!" అని ఎవడో అన్నాడు. వాళ్ళకి పనిలేదనుకున్నాను. ఇంటికెళ్ళి ఆదెమ్మతో చెబితే, "మరి నీలంగా ఉన్నాదని నాను సెప్తన్నాను కదా," అంది. "నీకు కళ్ళు కనబడ్డం నేదు," అన్నాను నేను. ఆ మాట నేను అన్నాను, ఆవిడని. ఆవిడ నీలిమందు డబ్బా అటక మీద పెట్టేసి, మళ్ళీ మర్నాడు దించింది.

ఆ ఏడాదే ఓడ ఇంజనీరు ఒకాయన మా పని చూడ్డానికి వచ్చి, నేను పిడికిలి సందులోంచి చూడ్డం చూసి కంగారుపడి, తన సంచిలోంచి ముదురు నీలం అద్దాలు తీసి నాకిచ్చాడు. "మేస్త్రీ, ఇవి పెట్టుకో. నీకు కనబడని మంట కూడా ఉంటుంది అందులో," అన్నాడు. ఆయన వెళ్ళాక వాటిని మేకుకి తగిలించి, "కళ్ళకి గంతలు కట్టుకుని ఎవడైనా పెళ్ళిసూపులకి ఎల్తాడేటి?" అన్నాను. షాపంతా నవ్వారు. హసన్ సాయిబు గారు కూడా నవ్వి, "మా సింహాద్రి కన్ను అంటే మీటరు. మీటరుకి అద్దాలేంటి?" అన్నారు. ఆ పొగడ్తతో నా కడుపు నిండిపోయింది. కనబడని మంటేంటో అడగాలని ఒక్కరికీ తట్టలేదు.

నిజానికి ఆ మంట రోజూ నా చెంపకి తగులుతూనే ఉండేది. కొలిమి ఎదురుగా కూర్చుంటే కుడి చెంప మీద చెయ్యి వేసినట్టు ఉండేది. నిప్పు సన్నగిల్లి ఎరుపు పోయాక కూడా ఆ చెయ్యి తియ్యదు. చర్మం తనకి తెలిసింది నాకు చెప్పింది. నేనే వినలేదు.

ఎనభై వానాకాలంలో ఒక పెద్ద కొక్కెం పని వచ్చింది. మణికట్టంత మందం ఉన్న కడ్డీ. బయట వాన, లోపల చీకటి. రంగు చూడ్డానికి చీకటే మంచిది. అప్పలరాజు గోడ వైపు తిరిగి పట్టకారు పట్టుకుని నిలబడ్డాడు. నేను పిడికిలి కంటికి ఆనించాను.

దానిమ్మ వచ్చింది. నారింజ రావాలి. చూస్తున్నాను, రావడం లేదు. దానిమ్మే కాస్త లేతబడినట్టు ఉంది, అంతే.

"బావా," అన్నాడు అప్పలరాజు, గోడ వైపు మొహం పెట్టే. "గోడ మీద ఎలుగు మారిపోనాది."

నేను పట్టించుకోలేదు.

"బావా, ఇది నారింజ ఎలుగు కాదు. దాటిపోతన్నాది. తీసీమంటావా?"

నలుగురి ముందు. సమ్మెటలు పట్టుకున్నవాళ్ళు ఇద్దరూ నావైపు చూశారు. హసన్ సాయిబు గారు గుమ్మంలో ఉన్నారు.

"మేస్త్రివి నువ్వా, నానా?" అన్నాను. "గోడని సూసి ఇనుము రంగు సెప్పీసినోడివి, రేపు పందిరిని సూసి పిల్ల రంగు సెప్పీగలవు. నోరు మూసుకుని నిలబడు."

అందరూ నవ్వారు. వాడి మెడ వెనక నరం ఒకటి బిగుసుకోవడం చూశాను. నేను ఇంకాసేపు ఆగాను. నాకు నారింజ కనబడ్డాకే "తియ్!" అన్నాను. వాడు తీశాడు. ఒక్క క్షణం ఆగలేదు. ఇది నేను ఒట్టేసి చెబుతాను. మూడేళ్ళు ఆలస్యంగా చెప్పానన్నది వేరే మాట.

నెల తిరగకుండా ఆ కొక్కెం పోర్టులో మొదటి బరువుకే విరిగింది. కట్టిన సరుకు మొత్తం రేవు గట్టు మీద పడింది. కింద ఎవరూ లేరు. అంతకు కాస్త ముందు ఇద్దరు ఖలాసీలు సరిగ్గా అక్కడే నిలబడి బీడీలు ముట్టించుకున్నారట. ఆ ఇద్దరి పేర్లూ నాకు తెలియవు. తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు.

విరిగిన ముక్కని హసన్ సాయిబు గారు తెచ్చి నా ఎదురుగా పెట్టారు. విరిగిన చోట పటికబెల్లం పగలగొట్టినట్టు పెద్ద పెద్ద పలుకులు. మా పనిలో చదువు రాకపోయినా ఆ పలుకులు చదవొచ్చు. ఇనుము ఎక్కువ కాలిపోయింది.

"సింహాద్రీ, ఇది ఎలా అయింది?" అన్నారాయన. కోపం లేదు గొంతులో. దానికే భయమేసింది.

అప్పలరాజు బ్లోయరు పక్కన నిలబడి ఉన్నాడు. గోడ వెలుగు గురించి వాడు అన్న మాట అక్కడున్న అందరూ విన్నారు. ఎవరైనా ఆ మాట ఎత్తుతారని చూశాను. మేస్త్రి ఎదురుగా ఎవరూ ఎత్తలేదు.

"ఈమద్దిన వాడి సెయ్యి కాస్త నెమ్మదైనాది సాయిబుగారూ," అన్నాను.

అంతే అన్నాను. ఆ మాట అన్నప్పుడు అది అబద్ధమని నాకు పూర్తిగా తెలియదు. కొంత తెలుసు. ఆ కొంతకి నేను దగ్గరగా పోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నాడని మా నాన్న ఊళ్ళో వాళ్ళందరినీ వెక్కిరించేవాడు. ఆయన కొడుకునే నేను.

అప్పలరాజు నావైపు చూశాడు. ఏమైనా అంటాడనుకున్నాను. పట్టకారు మేకుకి తగిలించి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నీలం అద్దాలు పక్క మేకుకి వేలాడుతున్నాయి.

వన్ టౌన్‌లో ఇనుప షాపులన్నీ ఒక్క గోడకి రెండు వైపులా ఉన్నట్టే. కొక్కెం విరగ్గొట్టినవాడని పేరు పడ్డాక వాడిని ఎవరూ నిప్పు దగ్గరికి రానివ్వలేదు. ఫిషింగ్ హార్బర్‌లో చేపల పడవలకి ఐసు కొట్టే పనిలో చేరాడు. పదిహేనేళ్ళు నిప్పు దగ్గర నిలబడినవాడు.

ఆదెమ్మ అన్నం వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇదివరకు ఎదురుగా కూర్చునేది.

ఎనభై రెండు వేసవిలో మా అత్తగారికి జబ్బు చేసింది. గోపాలపట్నంలో ఉండేది. చూడ్డానికి వెళ్ళాం. అప్పటికి నాకు మనుషులు నీడల్లా కనబడుతున్నారు. గుమ్మం తగిలి తూలిపడితే ఎండలోంచి వచ్చాను కదా అని సర్దుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బాబూ, నా కొడుకు నీ షాపు పరువు తీసినాడు. వాడు నీ సేత పని నేర్సుకున్నోడే. మనసులో ఎట్టుకోకు," అంది.

ఆవిడ నన్ను మన్నించమని అడిగింది.

"పోనీలే అత్తా," అన్నాను.

పది రోజులకి ఆవిడ పోయింది. ఈ నాలుగేళ్ళలో నేను ఆ "పోనీలే" అన్న మాటని మళ్ళీ మళ్ళీ విన్నాను. నా గొంతు ఎంత పెద్దమనిషి గొంతులా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

చూపు దాచడం ఒక పెద్ద పనైపోయింది. అడుగులు లెక్కపెట్టుకుని నడిచేవాణ్ణి. గొంతుని బట్టి మనుషుల్ని పలకరించేవాణ్ణి. షాపులో పెద్ద పనులు ఒప్పుకోకుండా నడుం నొప్పి అనేవాణ్ణి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. నావి మూసుకోకుండానే మూసుకున్న కళ్ళు. చివరికి ఒకరోజు దాగలి అనుకుని గాల్లో సమ్మెట దింపి మోకాలు పగలగొట్టుకున్నాను. హసన్ సాయిబు గారు నా కళ్ళ ముందు వేళ్ళు పెట్టి, "ఎన్ని?" అన్నారు. తప్పు చెప్పాను. ఆయనే రిక్షా పిలిచి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు.

కళ్ళ వార్డు ముందు బల్లల మీద కూర్చున్న ఆ పొద్దుటిపూటలు మర్చిపోలేను. చీటీ పట్టుకుని వరస. వరసలో అందరం ఒకరి పేరు పిలిస్తే ఇంకొకరం లేచేవాళ్ళం, ఎవరు లేచారో ఎవరికీ కనబడదు కాబట్టి. నా పక్కన ఒక దర్జీ ముసలాయన కూర్చునేవాడు, మసీదు వీధి ఆయన. రెండేళ్ళుగా సూదిలో దారం మనవరాలి చేత ఎక్కించుకుంటూ, గిరాకీల ముందు మాత్రం తనే ఎక్కించినట్టు నటించానని చెప్పాడు. "దొంగతనం కన్నా కష్టం బాబూ ఇది. దొంగ రాత్రి ఒక్కటే దాక్కుంటాడు," అని నవ్వాడు. నాక్కూడా నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. ఆయన జేబులోంచి ఖర్జూరం తీసి నా అరచేతిలో పెట్టాడు. నేనూ ఆయనకి నా సంగతి చెప్పబోయాను. అంతలో ఆయన పేరు పిలిచారు.

డాక్టరమ్మ నా కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది. "కొలిమి పనా?" అని తనే అడిగింది. అవునన్నాను. "రెండు కళ్ళలోనూ శుక్లం. కుడిది బాగా ముదిరింది. ఆ కంటితోనే చూసేవారా?"

ఆవిడకి ఓపిక ఎక్కువ. కంటికి కనబడే వెలుగు చాలా చిన్న ముక్క అని చెప్పింది. ఎరుపు నుంచి ఊదా వరకూ మనకి కనబడుతుంది. ఎరుపుకి ఇవతల కూడా కిరణాలున్నాయి. అవి కంటికి కనబడవు, చర్మానికి వేడిగా తెలుస్తాయి. కనబడనంత మాత్రాన కన్ను వాటిని వదిలిపెట్టదు, తీసుకుంటుంది. ఇరవై ఏళ్ళు తీసుకుంటే లోపలి పొర కోడిగుడ్డు తెల్లసొనలా ఉడికి, పచ్చబడి, గోధుమరంగుకి దిగుతుంది. నాకు నా చెంప గుర్తొచ్చింది. ఓడ ఇంజనీరు గుర్తొచ్చాడు. రంగుల గురించి ఆవిడ ఏదో చెప్పబోతుంటే నేను, "ఆపరేషనెప్పుడమ్మా?" అని మాట మార్చాను. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆ చలికాలంలో కుడి కంటికి ఆపరేషనైంది. నొప్పి గురించి రాయను, అంత లేదు కూడా. ఆ తర్వాత రోజులే కష్టం. రెండు కళ్ళకీ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు. నర్సు ఆ మూడూ ఒకే గొంతుతో చెప్పింది.

ఆదెమ్మ పగలు వచ్చేది. రెండో రోజు పొద్దున్న మాత్రం, ఆవిడ రాకముందే, ఎవరో వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మాట్లాడలేదు. నా పెదవులకి చెమ్చా ఆనింది. గంజి. మింగాను. కారిన గంజిని ఒక వేలు తుడిచింది.

ఆ వేలు చల్లగా ఉంది. చలికాలం చల్లదనం కాదు, లోపలి ఎముక దాకా పట్టిన చల్లదనం. చేపల వాసన, తడి గోనెపట్టా వాసన. మణికట్టు దగ్గర చర్మం మాత్రం గరుకుగా తగిలింది. నిప్పురవ్వలు పడి మానిన మచ్చలు. అలాంటివే నా చేతికీ ఉన్నాయి.

నాకు తెలిసిపోయింది. అప్పలరాజు అని పిలవడానికి నోరు తెరిచాను. వాడు ఇంకో చెమ్చా పెట్టాడు. మింగేశాను.

మూడు రోజులు వచ్చాడు. మూడు రోజులూ ఎవరో తెలియనట్టే తిన్నాను. ఒకసారి నిద్రపోతున్నట్టు నటించాను కూడా. కళ్ళకి కట్టు ఉండగా నిద్ర నటించడం ఎంత సులువో! చెమ్చా గిన్నెలో పెట్టి, ఇసక సంచి సర్ది, దుప్పటి గడ్డం దాకా లాగి వెళ్ళాడు. ఏడవకూడదని నర్సు చెప్పింది కాబట్టి ఏడవలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

కట్టు విప్పి, మందపాటి కళ్ళద్దాలిచ్చి పంపారు. ఆస్పత్రి గేటు దాటుతుంటే రోడ్డు పక్క ఎవరో వెల్డింగు చేస్తున్నారు. ఆ మంట చుట్టూ తెల్లని ఊదారంగు గుడారంలా పరుచుకుని ఉంది. "అదేటే ఆ రంగు?" అని ఆదెమ్మని అడిగాను. "ఏ రంగు మావా? ఉత్త తెలుపే," అంది. తర్వాత డాక్టరమ్మని అడిగితే, ఊదాకి అవతల కూడా వెలుగుంటుందనీ, అందరి కంట్లోనూ ఉండే పొర దాన్ని లోపలికి రానివ్వదనీ, నా కుడి కంట్లో ఆ పొర తీసేశారు కాబట్టి నాకు కనబడుతోందనీ చెప్పింది. అలాగని ఆ మంటని చూడొద్దని గట్టిగా చెప్పింది. ఊళ్ళో ఎవరికీ కనబడనిది నాకు కనబడుతోందని ఒక పూట గర్వం కూడా వచ్చింది. బుద్ధి పోగొట్టుకున్నాను గానీ గర్వం పోగొట్టుకోలేదు.

ఇంటికెళ్ళగానే ఆదెమ్మ పెట్టెలోంచి ఉతికిన పంచె తీసి మంచం మీద పెట్టింది. నేను దాన్ని చూస్తూ నిలబడిపోయాను.

"ఇదేటే, ఇంత నీలంగా ఉన్నాది?"

ఆవిడ ముందు నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మూడేళ్ళ నుంచి అదే సెప్తన్నాను కదా మావా!" అంది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగింది.

నేను కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. పంచె తెల్లగా ఉంది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. కాకి గుడ్డంత నీలం. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. ఆదెమ్మ ఏడుపు ఆపి నన్ను చూస్తోంది. తెలుపు పచ్చగా కనబడిన కంటికి, నిమ్మపండు ఏ రంగులో కనబడి ఉంటుంది?

ఆదెమ్మ అడ్డుకుంటున్నా వినకుండా షాపుకెళ్ళాను. హసన్ సాయిబు గారు కుర్చీ వేయించారు. "ఒక్క ముక్క కాల్పించండి సాయిబుగారూ," అన్నాను. మేకుకి ఉన్న నీలం అద్దాలు తీసి, దుమ్ము తుడిచి, పట్టకారు పట్టినవాడికి ఇచ్చాను. నేను దూరంగానే కూర్చున్నాను. ఎడమ కంటితో చూశాను. దానిమ్మ. ఇంకాసేపు. నారింజ. ఇప్పుడు "తియ్" అనాలి. ఇరవై రెండేళ్ళ అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరిచాను.

నారింజ ఎక్కడా లేదు. నిమ్మపండు దాటి, మల్లెపువ్వులోకి వెళుతోంది. రవ్వలు లేస్తున్నాయి. వెనక గోడ తెల్లగా వెలుగుతోంది. ఆ గోడ వైపే తిరిగి నిలబడి అప్పలరాజు ఆ మాట అన్నాడు.

హసన్ సాయిబు గారు నా మొహం చూసి, "ఏమైంది?" అన్నారు. అక్కడే, అందరి ముందూ చెప్పాల్సింది. "కళ్ళు మండుతున్నాయి," అన్నాను. అప్పుడు కూడా అంతే చెప్పగలిగాను.

మర్నాడు పొద్దున్నే హార్బరుకి వెళ్ళాను. అప్పలరాజు గోనెపట్టా మీద ఐసు దిమ్మ పెట్టి కొయ్య సుత్తితో కొడుతున్నాడు. నన్ను చూసి సుత్తి ఆపలేదు.

"ఆ కొక్కెం నాను సెడగొట్టినాను రా," అన్నాను. "నువ్వు సెప్పిందే నిజం. నా కన్ను పోయింది. నిన్న సూసుకున్నాను."

"నాకు తెల్సు బావా."

"ఎప్పుడు తెల్సు?"

"ఆ రోజే తెల్సు. నీ పంచె సూసినప్పుడే అనుకున్నాను. నీ మీటరు పోనాదని నలుగురిలో నానెలాగ సెప్తాను? నీ పని పోతే నిన్ను నడిపించుకోవాల్సింది మా అక్క." ఐసు ముక్కలు బుట్టలోకి ఎత్తాడు. "నాకు సెప్పక్కర్నేదు. మా అమ్మకి సెప్పు."

"అత్త పోయింది కదరా."

"అదే సెప్తన్నాను."

వాడి గొంతు పెరగలేదు. బుట్ట భుజానికెత్తుకుని పడవ వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "తన కొడుకు సెయ్యి మంచిది కాదనుకుంటా పోనాది బావా ముసిల్ది. ఆస్పత్రిలో నీకు గంజి ఎందుకు పోసినానో తెల్సా? అప్పుడైనా సెప్తావేమోనని. నానే అని నీకు తెల్సు. నీ పెదాలు ఒణికినాయి."

పడవ వాళ్ళు ఐసు కోసం కేకలేస్తున్నారు.

ఎండలు ముదిరాక అత్తగారి సంవత్సరీకం వచ్చింది. గోపాలపట్నంలో చుట్టాలందరూ కూడారు. విస్తళ్ళు వేశారు. ఆవిడ ఫోటోకి దండ వేసి దీపం పెట్టారు. నేను విస్తరి ముందు కూర్చోకుండా నిలబడ్డాను. ఆదెమ్మ పప్పు గిన్నెతో ఆగిపోయింది.

"ఆ కొక్కెం ఇరిగింది నా వల్ల," అన్నాను. "అప్పలరాజు దాటిపోతన్నాదని సెప్పినాడు. నలుగురిలో ఆడిని ఎక్కిరించినాను. తరవాత ఆడి సెయ్యి నెమ్మదని సాయిబుగారికి అబద్దం సెప్పినాను. అత్త ఈ మంచం మీదే నా సెయ్యట్టుకుని ఆడి తరపున మన్నించమంటే, పోనీలే అన్నాను. అప్పుడు కూడా సెప్పనేదు."

ఒక పెద్దాయన, "సర్లే బాబూ, అన్నం సల్లారిపోతన్నాది, ఇప్పుడెందుకు ఆ గోల," అన్నాడు. ఆ మాటతో అందరూ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు. ఫోటోలో అత్తగారు కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తూ ఉంది. ఆదెమ్మ వచ్చి నా విస్తట్లో పప్పు వేసింది. వెళ్ళిపోలేదు. ఎదురుగా కూర్చుంది.

ఆ సాయంత్రమే హసన్ సాయిబు గారి ఇంటికెళ్ళి అదే మాట చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, "నన్ను కూడా పాపంలో కలిపావు సింహాద్రీ," అన్నారు. మర్నాడు స్వయంగా హార్బరుకి వెళ్ళి అప్పలరాజుని పిలిచారు. వాడు వారం దాకా రాలేదు. వచ్చిన రోజున కొలిమి ఎదురుగా నా కుర్చీ దగ్గర ఆగి, "లెగు బావా," అన్నాడు. లేచాను. వాడు కూర్చుని నీలం అద్దాలు పెట్టుకున్నాడు. అద్దాల్లోంచి రంగులన్నీ వేరేగా ఉంటాయి, వాడు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. తుక్కు ముక్కల మీద నెలంతా నేర్చుకున్నాడు. ఆ నెలంతా నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఇప్పటికీ ఎక్కువ మాట్లాడడు. మన్నించాడా అని నన్ను అడక్కండి, వాడినీ అడక్కండి.

కళ్ళ గురించి చెప్పాల్సింది చెప్పేశాను. అద్దాలు పెట్టుకోండి. మీకు కనబడని మంట మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. పక్కవాడు రంగు మారిందంటే, వాడు గోడ వైపు తిరిగి ఉన్నా సరే, ఒకసారి వినండి.

ఆ నెల గడిచాక అప్పలరాజు మొదటి కొక్కెం నిప్పులో పెట్టించిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. పట్టకారు నేను పట్టుకున్నాను. అప్పటికింకా నా ఎడమ కంటికి ఆపరేషన్ కాలేదు. కుడి కంటికి నిప్పు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి దాని మీద గుడ్డ కట్టుకున్నాను. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఉండబట్టలేక ఒక్కసారి ఓరగా చూశాను. ఎడమ కంటికి ఇంకా దానిమ్మే. ఇప్పుడు తీస్తే ఇనుము వంగదు, పనంతా పాడవుతుందని ఇరవై రెండేళ్ళ మేస్త్రి లోపల్నుంచి అరుస్తున్నాడు.

"తియ్!" అన్నాడు అప్పలరాజు.

తీశాను.